చెప్పి పంపేవాణ్ణి చెప్పకుండా పంపించాం

మిత్రవర్యులు, ధర్మపరాయణులు, తెలుగు సంఘపు ఉపదేశి శ్రీ యేసుపాదంగారు ఇహలోకయాత్ర చాలించారన్న దుర్వార్త ఉదయవేళ తమక గ్రామంలోని మా ఇంటికి చేరింది. చెవిన పడిన క్షణాన మనస్సు నిశ్చేష్టమైంది. చేతిలోని పత్రిక జారిపోయింది. జీవితకాల స్నేహం ఒక్క ఫోనుపిలుపుతో గతమైపోయిందన్న సత్యాన్ని అంగీకరించడానికి బుద్ధి నిరాకరించింది.

ఇంతవరకు రాసి ఒకసారి చదువుకున్నాను. నాకే ఒళ్ళు మండింది. ఇది ఆయన చూసి ఉంటే కళ్ళజోడు నుదుటిమీదికి తోసి, "ఏమి అయ్యవారూ, యేసుపాదం యాత్రకి పోయినాడా? యాడికి పోయినాడప్పా, వేళాంగణికా, తిరప్తికా?" అని నవ్వేవాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగేది. నా వ్యాసం ఎక్కడ అచ్చయినా ఆ పత్రిక సంపాదించి, ఇంటి వాకిట్లో కుర్చీ వేసుకుని గొంతెత్తి చదివేవాడు. పొడుగాటి సమాసం వచ్చినచోట ఆగి, "ఇది తినేదా, కట్టుకునేదా?" అని దారిన పోయేవాళ్ళని అడిగేవాడు. ఎగతాళి చేసేవాడు నిజమే. కానీ నా రాత ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా చదివిన మనిషి ఈ భూమ్మీద ఆయన ఒక్కడే.

ఆయన స్మృత్యర్థం సంఘంవారు వేస్తున్న సంచికకు నన్ను వ్యాసం అడిగారు. "శిష్టమైన భాషలో, గంభీరంగా ఉండాలండీ" అన్నారు. అలాగే అన్నాను. జన్మంతా తెలుగు పండితుడిగా బతికినవాణ్ణి, నాకు చేతనైంది ఆ పని ఒక్కటే. తర్వాత ఆయన భార్య సుందరమ్మ నన్ను ఇంకొకటి అడిగింది. అదేమిటో చివర చెబుతాను. ముందు ఆయనెవరో తెలియనివారికి ఆయన్ని చూపించాలి.

ఈ కన్నడ సీమలో బంగారు గనులు నడిచిన కాలంలో కూలీలకు వరసలు వరసలుగా కట్టించిన చిన్న ఇళ్ళున్నాయి. వాటిని లైన్లు అంటారు. అట్లాంటి లైనులో పుట్టాడు యేసుపాదం. తండ్రి చిత్తూరు సీమనుంచి గనికి వచ్చినవాడు. ఈయన కూడా పడుచుతనంలో కొన్నేళ్ళు గనిలోకి దిగాడు. ఆ దుమ్ము అప్పుడే ఊపిరితిత్తుల్లో చేరింది. గొంతు బాగుందని, బుద్ధి మంచిదని మిషనువాళ్ళు పైకి పిలిచి, చదివించి, ఉపదేశిని చేశారు. అంటే పాస్టరు లేని ఆదివారాల్లో వాక్యం చెప్పేవాడు, మిగతా రోజుల్లో మిషను బడిలో చిన్న తరగతులకు అక్షరాలు నేర్పేవాడు. ఆ బడిలోనే నేను పెద్ద తరగతుల తెలుగు పండితుణ్ణి. మాది కురుడుమలె పక్క పల్లె, రాగులు పండించుకునే కుటుంబం. నా దేవుడు వేరు, ఆయన దేవుడు వేరు. మధ్యాహ్నం సంగటి డబ్బాలు మాత్రం ఒకే బల్లమీద విప్పేవాళ్ళం.

బడిలో మా ఇద్దరికీ రోజూ తగాదానే. "మా నాయన వచ్చినాడు" అని పిల్లవాడు రాస్తే నేను ఎర్రగీత కొట్టి "వచ్చాడు" అని దిద్దేవాణ్ణి. ఈయన గుమ్మంలో నిలబడి చూసేవాడు. "అయ్యవారూ, వాళ్ళ నాయన ఆ పక్క గేటుకాడ నిలబడుకోని ఉండాడు. మీరు ఎట్ల రాసినా వచ్చేసినాడు, పాపం. బిడ్డని పంపీయండి" అనేవాడు. తరగతి మొత్తం నవ్వేది. నాకు తల కొట్టేసినట్టయ్యేది. "ఉపదేశీ, నీ పని నువ్వు చూసుకో" అని అరిచేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ ఇద్దరం ఒకే టీ అంగడికి పోయేవాళ్ళం.

ఇదంతా చూసి ఆయనకు గ్రంథభాష రాదనుకుంటే పొరపాటు. బోధపీఠం ఎక్కితే బైబిలు తెలుగు ఆయన నోట ధారగా ప్రవహించేది. కీర్తనలు మొదలుపెడితే చర్చి గోడలు కూడా వింటున్నాయనిపించేది. కఠిన పదం ఒక్కటి కూడా తడబడేవాడు కాదు. మరి నన్నెందుకు ఎగతాళి చేస్తావయ్యా అని ఒకసారి అడిగాను. "అది ఆదివారం చొక్కా అయ్యవారూ. ఉతికి, ఇస్త్రీ పెట్టి, వేసుకోవల్ల. నేనూ వేసుకుంటాను. మీరు దాంట్లోనే పడుకుంటా ఉండారు గదా, అదే నాకు బేజారు" అన్నాడు.

ఇప్పుడు ఆయన జీవితంలోని ముఖ్యమైన పని గురించి చెప్పాలి. లైన్లలో దాన్ని 'చెప్పి పంపడం' అంటారు. గనిలో రాయి పేలి మనుషులు పోయే రోజుల్లో పుట్టిన ఆచారమని పెద్దవాళ్ళు అనేవారు. కింద చీకట్లో పోయినవాడికి తాను పోయినట్టు తెలియదని, ఇంకా షిఫ్టులోనే ఉన్నాననుకుని పని చేస్తూ ఉండిపోతాడని వాళ్ళ భయం. అందుకని శవపేటికకు మూత బిగించేముందు ఒకరు తలదగ్గర వంగి, లైనులో పిలిచే పేరుతో పిలిచి, నువ్వు పైకి వచ్చేశావని చెప్పాలి. ఎవరెవరు వచ్చారో చెప్పాలి. వెనక మిగిలినవాళ్ళ సంగతి చెప్పాలి. తర్వాత పొమ్మనాలి. ఇంటివాళ్ళు చెప్పకూడదు. వాళ్ళకు గొంతు పూడుకుపోతుంది, సగంలో ఆపేస్తే పోయేవాడు సగం దారిలో నిలబడిపోతాడు. ఇంకొక కట్టుబాటు అన్నిటికంటే గట్టిది. అబద్ధం చెప్పకూడదు.

ఒక్కొక్క లైనుకు ఇట్లా చెప్పేవాళ్ళు ఒక్కొక్కరుండేవారు. వాళ్ళూ పోతూ వచ్చారు. వాళ్ళని కూడా చెప్పి పంపినవాడు యేసుపాదమే. చివరికి అన్ని లైన్లకూ ఈయన ఒక్కడే మిగిలాడు. దుమ్ము పట్టిన ఊపిరితో, గొడుగు చేతికర్రగా పట్టుకుని, ఎవరు పిలిచినా పోయేవాడు. సంఘస్తుడా కాదా అని అడిగేవాడు కాదు.

గనులు మూతపడిన తర్వాత నేను మొదటిసారి దగ్గర నిలబడి విన్నది చిన్నబ్బ అనే ఆయన దగ్గర. ఆయనా దగ్గుతోనే పోయాడు. యేసుపాదం పెట్టెమీదికి వంగి, పక్కింటివాణ్ణి లేపినట్టు పిలిచాడు. "చిన్నబ్బా, ఓ చిన్నబ్బా. ఇనపడతా ఉండాదా? నేనప్పా, పాదయ్యని. నువ్వు పైకొచ్చేసినావు. కేజు దిగేసినావు. ఇంగ కిందికి పోయే పని లేదు. నీ పెండ్లాము ఈడనే ఉండాది. నీ తమ్ముడు బంగారుపేటనించి వచ్చినాడు. నీ పెద్దోనికి ఇంగా పని దొరకలేదు, తిరగతా ఉండాడు. ఇల్లు ఇంగా మన పేరుకి రాలేదు. ఇది చెప్పకుండా నిన్ను ఎట్ల అంపేదప్పా? మేము చూసుకుంటామని చెప్పను, మాకే యేమీ లేదు. చూస్తా ఉంటాము, అంతే. నువ్వు పో." కేజు అంటే మనుషుల్ని గనిలోకి దించే, పైకి తెచ్చే ఇనపబోను. గనులు మూసినాక లైన్లలోని ఇళ్ళు ఉంటున్నవాళ్ళ పేరుకు రాసిస్తారని అందరూ ఎదురుచూస్తున్నారు. చిన్నబ్బ భార్య అప్పటిదాకా రాయిలాగా కూర్చుంది. 'నువ్వు పో' అన్న మాట పడగానే భోరుమంది.

నాకు మాత్రం కోపం వచ్చింది. దారిలో పట్టుకుని కడిగేశాను. "ఏమి మనిషివయ్యా నువ్వు! శవం దగ్గర కూడా ఉద్యోగం లేదు, ఇల్లు లేదు అనాలా? నాలుగు మంచి మాటలు, మంచి తెలుగులో చెప్పకూడదా? పుణ్యాత్మా, శాంతిధామానికి చేరుకో అంటే నీ సొమ్మేం పోయింది?"  ఆయన గొడుగుతో నేలమీద గీస్తూ నడిచాడు. తర్వాత, "అయ్యవారూ, మీ అమ్మ పోయినప్పుడు పాడికాడ మీరేమన్నారు?" అని అడిగాడు.

మా అమ్మ పోయిన రోజు ఆయనా మా పల్లెకు వచ్చి నా పక్కనే ఉన్నాడు. "అమ్మా, నన్ను విడిచిపెట్టి యాడికి పోతివే" అన్నాను నేను. ఆ మాట ఆయన విన్నాడు. నేను నడక వేగం పెంచాను. "మాతృమూర్తీ అనలేదు గదా" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత, "మీ తెలుగు మనిషి గురించి శానా బాగా చెప్తాది అయ్యవారూ. నేను కాదనను. మనిషితో మాట్లాడల్లంటే మాత్రం అది చాలదు" అన్నాడు. ఆ మాటమీద నేను ఆయనతో చాలాకాలం వాదించాను. గెలిచానని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

గనులతో పాటు బడి కూడా చిక్కిపోయింది. పనులకోసం పొద్దున రైలెక్కి బెంగుళూరికి పోయి, చీకటి పడినాక తిరిగొచ్చే ఊరైపోయింది మాది. పిల్లలు ఇంగ్లీషు బడులకు మళ్ళారు. తెలుగు తరగతి మూసేశారు. నేను రిటైరై తమక చేరాను. గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేట అంగళ్ళలో తెలుగు మాట వినబడితే తల తిప్పి చూసే కాలం వచ్చింది. తెలుగు ఆరాధనకు వచ్చే జనం తగ్గిపోయి, ముందు బల్లలు మాత్రమే నిండేవి. అయినా ఈయన పని తగ్గలేదు. ఊరు ఖాళీ అయ్యేకొద్దీ చావులు ఎక్కువైనాయి. నిజానికి ఊళ్ళో మిగిలింది దుమ్ము పట్టిన ముసలి ఊపిరితిత్తులే కదా.

ఆ రోజుల్లోనే కోస్తానుంచి యువకుడైన పాస్టరు వచ్చాడు. మంచివాడు, చక్కని భాష, శుద్ధమైన ఉచ్చారణ. చెప్పి పంపడం చూసి హడలిపోయాడు. "మృతులతో సంభాషించడం వాక్యానుసారం కాదండీ, మానేయాలి" అన్నాడు. అందరూ గొడవ అవుతుందనుకున్నారు. యేసుపాదం చేతులు కట్టుకుని, "పాస్టరయ్యా, నేను ఆయన్ని యేమీ అడగడం లేదు. బదులు రావల్లని చూడడం లేదు. ఊరికి పోయే మనిషికి నాలుగు మాటలు చెప్తాము గదా, అట్ల చెప్తా ఉండాను, అంతే" అన్నాడు. పాస్టరు దానికి ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. అప్పటినుంచి ప్రార్థన ముగియగానే బైబిలు మూసి, సమాధుల తోట గోడవైపు తిరిగి నిలబడేవాడు. చెప్పడం అయిపోయినాక తిరిగొచ్చి ఆశీర్వచనం పలికేవాడు. ఇద్దరూ దాన్ని గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చివరిసారి నేను చూడబోయినప్పుడు మంచంమీద గోడకానుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. కిటికీలోనుంచి గనిమట్టి దిబ్బలు కనిపిస్తున్నాయి. గాలికి ఆ తెల్లదుమ్ము లేచి ఇంట్లో గిన్నెలమీద కూడా పడుతుంది. సుందరమ్మ మాకు కాఫీ తెచ్చింది. ఆయనది ఒక సొట్టపడిన ఇత్తడి లోటా, ఇంకెవరూ ముట్టరు. ఒక్కొక్క గుక్క మింగి ఆగుతూ, "అయ్యవారూ, నన్ను మీ సమాసాల్లో చుట్టి పంపించొద్దండప్పా. చెప్పి పంపండి" అన్నాడు. "సుమ్నె ఉండప్పా, ఊరుకో, నీకేమైంది ఇప్పుడు" అని కసిరాను. "ఎవురో ఒకరు చెప్తార్లే, లైను నిండా జనం ఉండారు" అని ఆయనే నవ్వాడు. ఆ లైనులో సగం ఇళ్ళకు తాళాలున్నాయి. 

అంత్యక్రియలకు జనం బాగానే వచ్చారు. బెంగుళూరినుంచి కూతురు రూతు, అల్లుడు, పిల్లలు వచ్చారు. అద్దెకు తెచ్చిన మైకులో ఒకాయన కన్నడంలో మాట్లాడాడు, ఒకాయన ఇంగ్లీషులో మాట్లాడాడు. నేను తెలుగులో మాట్లాడాను. 'విద్యావినయసంపన్నులు, ఆర్తజనబాంధవులు' అన్నాను. ప్రతి మాటా నిజమే. అందరూ తలలూపారు. పాస్టరు వాక్యం చదివి ప్రార్థన చేశాడు. తర్వాత జరిగింది ఇదీ.

పాస్టరు బైబిలు మూసి, అలవాటు చొప్పున, గోడవైపు పోయి అటు తిరిగి నిలబడ్డాడు. జనం కూడా అలవాటు చొప్పున రెండడుగులు వెనక్కి జరిగి, పెట్టె తలదగ్గర చోటు విడిచిపెట్టారు. అందరూ ఆ చోటువైపు చూస్తూ నిలబడ్డాం. నేనూ చూస్తున్నాను. గొడుగు ఆనించుకుంటూ జనంలోనుంచి వచ్చి ఆయన వంగుతాడని, గొంతు సవరించుకుంటాడని ఎదురుచూస్తున్నాను. ఇన్నేళ్ళుగా ఆ చోటికి వచ్చేది ఆయన ఒక్కడే. ఆయన పెట్టెలో పడుకుని ఉన్నాడని మాలో ఒక్కరికి కూడా తట్టలేదంటే నమ్ముతారా? బండితో వచ్చిన పనివాళ్ళు పరాయి ఊరివాళ్ళు. ఇంతసేపు నిశ్శబ్దంగా ఉంటే అంతా అయిపోయిందనుకున్నారు. మూత బిగించారు. తాళ్ళు వేసి దించారు. పాస్టరు వెనక్కి తిరిగి వచ్చి ఆశీర్వచనం చెప్పేశాడు. తలా పిడికెడు మన్ను వేశాం.

తిరిగొచ్చే దారిలో సుందరమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఎవురు చెప్పిరి?" అంది. ఎవరికీ అర్థం కాలేదు. "మా ఆయనకి ఎవురు చెప్పిరి? నేను వెనకాల ఉంటిని, నాకి ఇనపడలేదు. ఎవురు చెప్పిరప్పా?" ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "నువ్వు చెప్పినావనుకొంటిని" అని ఒకరు, "నేను యాడ చెప్పినాను, నువ్వు గదా ముందర నిలబడింది" అని ఇంకొకరు.  సుందరమ్మ అరవలేదు. "చెప్పకుండానే అంపించేస్తిరా" అంది. రూతు తల్లిని పట్టుకుంది. పాస్టరు దగ్గరికి వచ్చి, "అమ్మా, దేవునికి అన్నీ తెలుసమ్మా" అన్నాడు. ఆయన కళ్ళలోనూ నీళ్ళే. సుందరమ్మ ఆయన ముఖంలోకి చూసి, "దేవునికి తెలుసు పాస్టరయ్యా. మా ఆయనకి తెలియల్ల గదా" అంది.

తర్వాతి ప్రార్థనకూటానికి పోయినప్పుడు చూశాను. ఆయన చెప్పులు వాకిట్లోనే ఉన్నాయి. కాఫీ వేళకు సుందరమ్మ తన లోటాతో పాటు ఆ సొట్ట లోటా కూడా కడిగి, నింపి, దాన్ని మంచం పక్క స్టూలుమీద పెట్టింది. చల్లారినాక తీసి పారబోసింది. నేను చూస్తున్నానని తెలిసి, "ఆయనకి తెలీదు గదన్నా. ఇల్లు విడిచి పోవల్లని ఎవురూ చెప్పలేదు. మంచంమీదనే కూర్చోనుంటాడు. కాఫీ ఇయ్యకుంటే ఏమనుకుంటాడు?" అంది. ఆమె కంట నీటిచుక్క లేదు. రూతు నన్ను పక్కకు పిలిచి, "అమ్మ ఏడవడం లేదు మామా, అన్నం సరిగా తినడం లేదు, నాతో రమ్మంటే రాదు" అని చెప్పుకుని ఏడ్చింది.

మన్ను పడినాక చెప్పొచ్చా అని లైన్లలో మిగిలిన ముసలివాళ్ళని అడిగి చూశాను. ఎవరికీ తెలియదు. ఇట్లాంటి పొరపాటు ఎన్నడూ జరగలేదట, అందుకని దానికి పద్ధతి లేదట. ఆ సంగతి సుందరమ్మకు చెప్పాను. అప్పుడు ఆమె నన్నడిగింది. "అన్నా, నువ్వు పుస్తకంలో రాస్తావంట గదా ఆయన గురించి. నీ రాతలు ఆయన ఒక్కటీ విడిచిపెట్టడు. దాంట్లో చెప్పు. నాకి చదువు రాదు. అచ్చయినాక తోటకి తీసుకొచ్చి ఆయన తలకాడ నువ్వే చదువు. మన మాటల్లో చెప్పన్నా. నీ మాటల్లో చెప్తే ఆయన నవ్వతాడు, లేసి పోడు."

నేను లైనువాణ్ణి కాను. ఈ పనికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు. కిందిది శిష్టభాష కాదని సంచికవారు తీసేయదలిస్తే వ్యాసం మొత్తం తీసేయాలని కోరుతున్నాను. ఆ మహనీయుడి స్మృతికి నేను అర్పించగలిగిన అంజలి ఇదే.

పాదయ్యా. ఓ పాదయ్యా. ఇనపడతా ఉండాదా? నేనప్పా, అయ్యవారిని. ఆలస్యమైపోయింది, కోపం చేసుకోవద్దు. నువ్వు పోయినావప్పా. దగ్గుతోనే పోయినావు. ఈ సంగతి నీకి ఎవురూ చెప్పలేదు. చెప్పల్లని అందురూ వచ్చినారు, నువ్వే వచ్చి చెప్తావని చూస్తా నిలబడినారు. నేనూ అట్లనే నిలబడినాను. నువ్వు లేనిది మాకి అలవాటు లేదు. పాస్టరయ్య కూడా నీకోసరమే గోడ పక్కకి తిరిగినాడు.

నువ్వు పైకొచ్చేసినావు. కేజు దిగేసినావు. ఇంగ కిందికి పోయే పని లేదు. రూతు వచ్చినాది, పిల్లకాయలు వచ్చినారు. నీ మనవళ్ళకి మన మాట రాదు, ఇదంతా చదివితే వాళ్ళకి అర్థం కాదు. ఇల్లు ఇంగా మన పేరుకి రాలేదు. సుందరమ్మ బెంగుళూరికి పోనంటా ఉండాది. ఆయమ్మ ఇంగా ఏడవలేదు. నీకి తెలిసినాకనే ఏడవల్లని కూర్చోనుండాది. నీ తర్వాత చెప్పేదానికి ఎవురూ లేరప్పా. మిగిలినోళ్ళని ఎవురు పంపిస్తారో, నన్ను ఎవురు పంపిస్తారో తెలీదు. నీకి అబద్ధం చెప్పకూడదు గదా. చూసుకుంటామని చెప్పను. చూస్తా ఉంటాము.

మంచం దిగు. చెప్పులు వాకిట్లోనే ఉండాయి. ఇంగ పో అప్పా. రేపు పొద్దున సుందరమ్మ ఒక్క లోటానే పెడతాది.